కూలీలకు తెరచిన రేవులు, కాందిశీకులకు మూసిన తలుపులు

ఢిల్లీ నుంచి వ్రాయవలసిన లేఖను ఈ వారం కలకత్తా నుంచి వ్రాస్తున్నాను. 2001 నుంచి ఆ నగరం కోల్‌కతా అయినది. కాని చెప్పబోయే సంగతులన్నీ కలకత్తా నాటివి గనుక పాత పేరే కలానికి వస్తున్నది. పాఠకులు మన్నింతురు గాక.

నగరానికి నైరుతి దిక్కున హుగ్లీ నది పెద్ద వంపు తిరిగే చోట గార్డెన్ రీచ్ ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దిలో కంపెనీ దొరలు తోటలు వేసుకుని, మేడలు కట్టుకుని విశ్రమించిన తావు. ఆ పేరు అప్పటిదే. 1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా ఇక్కడి మటియాబుర్జ్‌లో పాత వైభవానికి నకలు వంటి కొలువు నిలుపుకుని, 1887లో ఇక్కడే కన్ను మూశాడు. తరువాత రేవులు వచ్చాయి, మిల్లులు వచ్చాయి, ఓడల కార్ఖానా వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడ నెలకొల్పింది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పెద్దలకు బి.ఎన్.ఆర్. అంటే వేరే చెప్పనక్కర లేదు. వాల్తేరు మీదుగా హౌరాకు పోయే ఆ ఇనుప దారి పట్టుకునే మనవారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులకూ, హుగ్లీ తీరపు జూటు మిల్లులకూ వలస పోయారు. ఆ కార్యాలయం నేడు సౌత్ ఈస్టరన్ రైల్వేది.

నేను చూడవచ్చినది రైల్వే కార్యాలయం కాదు. సూరినామ్ ఘాట్ అనే ఒక రేవు మెట్టు. అక్కడ మూటాముల్లెతో బయలుదేరిన ఒక పురుషుడు, ఒక స్త్రీ విగ్రహాలుగా నిలిచి ఉన్నారు. "మాయీ-బాప్" అని వ్యవహరించే ఈ విగ్రహాన్ని 2015 అక్టోబరులో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఆవిష్కరించారు. సూరినామ్ రాజధాని పరమారిబోలో ఉన్న విగ్రహానికి ఇది జత. 1873 ఫిబ్రవరిలో లల్లా రూఖ్ అనే ఓడ కలకత్తా నుంచి నాలుగు వందల మంది కూలీలతో బయలుదేరి జూన్‌లో ఆ డచ్చి కాలనీకి చేరింది. అంతకు చాలా ముందే, 1838లో, విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు బ్రిటిషు గయానాకు దారి తీశాయి. 1834లో అట్లాస్ ఓడ ముప్పది ఆరుగురిని మారిషస్‌కు చేర్చింది.

సరుకుకు గిడ్డంగులు ఉన్నట్లే గార్డెన్ రీచ్‌లో మనుషులకు డిపోలు ఉండేవి. డెమెరారాకు ఒకటి, ఫిజీకి ఒకటి, ఇలా ఏ కాలనీకి ఆ కాలనీ. దళారి పల్లెలో పట్టి తెచ్చిన మనిషిని డాక్టరు పరీక్షించేవాడు. ప్రవాసుల రక్షకుడు అనే బిరుదు గల ప్రభుత్వోద్యోగి పేరూ, తండ్రి పేరూ, వయస్సూ, కులమూ, జిల్లా, గ్రామమూ, ఒంటి మీది మచ్చలూ పాసులో ఎక్కించేవాడు. మెడకు రేకు బిళ్ల తగిలించి ఓడ ఎక్కించేవారు. 1917లో ఈ వ్యాపారం ఆగేనాటికి భారతదేశం నుంచి బ్రిటిషు గయానాకు పోయినవారు సుమారు 2,39,000. ట్రినిడాడ్‌కు 1,40,000 పైచిలుకు. సూరినామ్‌కు 34,000. మారిషస్‌కు నాలుగున్నర లక్షలు. ఈ మారిషస్ లెక్కలో కోరంగి, మద్రాసు రేవుల నుంచి పోయిన తెలుగువారు ఉన్నారు. వారి మునిమనుమల ఆతిథ్యంలోనే 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి.

కూలీల కథ ఈ పత్రిక పాఠకులకు కొత్తది కాదు. నన్ను ఇక్కడికి రప్పించినది దాని ఉత్తరార్ధం. గార్డెన్ రీచ్ డిపోల పేర్లలోనూ, ఓడల చిట్టాలలోనూ కనిపించే ఆ దేశాల పేర్లే 1938 తరువాత మరొక రకం జాబితాలో ప్రత్యక్షమైనాయి. హిట్లరు తరిమిన యూదులను ఎక్కడ దింపుదామా అని లండన్ పెద్దలు తర్జనభర్జన పడిన జాబితా అది.

1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను మింగాడు. జూలైలో ఫ్రాన్సులోని ఎవియాన్ పట్టణంలో ముప్పది రెండు దేశాల ప్రతినిధులు సమావేశమై కాందిశీకుల పట్ల సానుభూతి వెలిబుచ్చారు. సానుభూతికి కొరత లేదు, చోటుకే కొరత. బ్రిటిషు ప్రతినిధి లార్డ్ వింటర్టన్ తమ దేశం వలసలను ఆహ్వానించే దేశం కాదన్నాడు. కాలనీల మాటకొస్తే కొన్ని ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయనీ, కొన్నిటి శీతోష్ణస్థితి యూరోపియనులకు సరిపడదనీ, మరికొన్నిటిలో రాజకీయ పరిస్థితులు అడ్డనీ చెప్పాడు. నూరేళ్లపాటు బీహారు, ఆంధ్ర, తమిళ దేశాల రైతు బిడ్డలకు నిక్షేపంగా సరిపడిన శీతోష్ణస్థితి ఇదే! డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియో ఒక్కడు లక్ష మందిని తీసుకుంటానన్నాడు. సొసువా అనే తీర గ్రామానికి చివరకు చేరినవారు కొన్ని వందల మంది.

నవంబరులో జర్మనీ అంతటా యూదుల దేవాలయాలు తగులబడ్డాయి. ఆ నెల 21న ప్రధాని చేంబర్లేన్ కామన్స్ సభలో టాంగన్యీకా, బ్రిటిషు గయానా పేర్లు బయట పెట్టాడు. గయానా లోతట్టున పదివేల చదరపు మైళ్లకు తక్కువ కాకుండా ఇవ్వజూపారు. 1939 ఫిబ్రవరిలో ఆంగ్లో అమెరికన్ సంఘమొకటి అక్కడికి పోయి, అడవులూ పచ్చిక బయళ్లూ తిరిగి, పరీక్షార్థం మూడు నుంచి అయిదు వేలమంది యువకులను పంపి చూడవచ్చునని మే నెలలో నివేదిక ఇచ్చింది. సరిగ్గా అదే నెలలో పాలస్తీనాకు యూదుల రాకను అయిదేండ్లలో 75,000కు పరిమితం చేస్తూ శ్వేతపత్రం వెలువడింది. ఒక తలుపు మూస్తున్నందుకు మరొక తలుపు చూపించారని విమర్శకులు అనుకున్నారంటే తప్పు పట్టలేము. సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. గయానా పథకం కాగితం మీదనే మిగిలింది.

గయానాలో నిజంగా చెరకు పండి, జనం నివసించేది సముద్రతీరపు సన్నని పట్టీలో. ఆ భూమి తోటల కంపెనీల చేతిలో ఉన్నది, దాని మీద శ్రమించే జనంలో అతి పెద్ద వర్గం భారతీయులు. కాందిశీకులకు చూపినది దాని వెనుక ఎవరికీ పనికి రాని లోతట్టు. కూలీకి యజమాని ఉన్నాడు గనుక ఓడ దొరికింది, డాక్టరు దొరికాడు, డిపోలో భోజనం దొరికింది. వియన్నా నుంచి పారిపోయిన వకీలును గాని, సంగీత విద్వాంసుని గాని కావాలని అడిగే తోట యజమాని లేడు. ఈ రెండు కథలూ ఒక్కటేనని నా వాదం కాదు. కూలీని మోసగించి తీసుకుపోయారు. కాందిశీకుడు తీసుకు పొమ్మని ప్రాధేయపడ్డాడు. కాని ఇద్దరికీ తలుపు తెరచేదీ మూసేదీ ఒకే సామ్రాజ్యం, ఒకే కాలనీల కార్యాలయం. స్థలం ఉన్నదా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఎవరికి ఉపయోగమన్నదే ప్రశ్న.

ట్రినిడాడ్ ముచ్చట క్లుప్తంగా చెప్పవచ్చు. ప్రవేశ నిబంధనలు తేలికగా ఉండడం వల్ల కొన్ని వందల మంది యూదులు అక్కడ దిగారు. 1939 జనవరిలో తలుపు మూశారు. యుద్ధం ముదిరిన తరువాత, దిగినవారిలో జర్మను, ఆస్ట్రియను పౌరసత్వం గలవారిని శత్రు దేశీయులుగా నిర్బంధించారు. హిట్లరు పాలనలో యూదుడైనందుకు పరాయివాడు, బ్రిటిషు పాలనలో జర్మనుడైనందుకు పరాయివాడు.

అన్నిటికన్న మనస్సును కలచేది మారిషస్. 1940 నవంబరులో డాన్యూబు నది మీదుగా, నల్ల సముద్రం మీదుగా నానా యాతనలు పడి మూడు నౌకలు పాలస్తీనాలోని హైఫా రేవుకు చేరాయి. అనుమతి పత్రాలు లేవు గనుక ప్రయాణికులను మారిషస్‌కు తరలించాలని బ్రిటిషు ప్రభుత్వం నిశ్చయించి, పాట్రియా అనే ఓడ ఎక్కించసాగింది. ఓడను కదలకుండా చేయాలని యూదుల రహస్య దళం హగనా అమర్చిన బాంబు ఆ నెల 25న పేలి, ఓడ రేవులోనే మునిగింది. రెండు వందల యాభై మందికి పైగా చనిపోయారు. బ్రతికి బయటపడినవారిని కనికరించి ఉండనిచ్చారు. ఇంకా ఆ ఓడ ఎక్కకుండా మిగిలిన సుమారు 1,580 మందికి ఆ కనికరం దక్కలేదు. డిసెంబరు 9న వారిని ఓడ ఎక్కించారు. 26న పోర్ట్ లూయీలో దిగారు.

పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ ఉన్నది, మన కూలీలు దిగిన మెట్లు. 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఆ రేవు పట్టణంలోనే వియన్నా, ప్రాగ్, డాన్‌జిగ్ వాసులు దిగి, బో బాసాఁ జైలుకు చేరారు. పురుషులు ఖైదు గదులలో, స్త్రీలు పిల్లలు గోడకు ఆవల రేకుల కొట్టాలలో. భార్యాభర్తలు కలుసుకోవడానికి సయితం అధికారుల దయ కావలసి వచ్చింది. మలేరియా, టైఫాయిడ్ సోకాయి. వంద మందికి పైగా అక్కడే మరణించారు; సెయింట్ మార్టిన్ శ్మశానంలో వారి సమాధులు ఉన్నాయి. వారు ఏ నేరమూ చేయలేదు, ఏ న్యాయస్థానమూ శిక్ష వేయలేదు. 1945 ఆగస్టులో, యుద్ధం ముగిసిన తరువాత, జైలు తలుపు తెరిచారు. అత్యధికులు మళ్లీ పాలస్తీనా ఓడే ఎక్కారు.

ఇక మన దేశం. భారతదేశం కూడా అప్పుడు కాలనీయే గదా. 1934లో బొంబాయిలో యూదుల సహాయ సంఘం ఏర్పడింది. కలకత్తా, మద్రాసులలో శాఖలు వెలిశాయి. వచ్చేవాడు ప్రభుత్వానికి భారం కాడని ఇక్కడివారు ఎవరైనా పూచీ పడితే గాని అనుమతి లేదు. ఇట్లా వచ్చినవారిని వేయి, రెండు వేల మధ్య లెక్కిస్తారు. శాంతినికేతనంలో ఆంగ్లం బోధించిన ఎలెక్స్ ఏరన్సన్ వారిలో ఒకడు. నాజీలను తప్పించుకుని 1937లో వచ్చిన అతనిని యుద్ధకాలంలో శత్రు దేశీయుడని నిర్బంధించారు. విడిపించడానికి టాగూరు కల్పించుకోవలసి వచ్చింది.

జాతీయ నాయకులు ఏమన్నారు? ఇక్కడ కొందరికి రుచించని సంగతి చెప్పక తప్పదు. యూదు శాస్త్రజ్ఞులకూ, నిపుణులకూ దేశంలో చోటివ్వాలని జవహర్‌లాల్ నెహ్రూ కాంగ్రెస్ కార్యవర్గంలో ప్రతిపాదించారు. దేశాన్ని యూదుల ఆశ్రయ స్థానంగా చేయబూనిన ఈ తీర్మానం తనను నివ్వెరపరచిందని 1939 మార్చిలో సుభాస్ చంద్ర బోస్ ఆయనకు జాబు వ్రాశారు. నెహ్రూ సమాధానం ఇంకా గమనించదగ్గది. యూదులకు సహాయం అవుతుందన్న దానికన్న, విజ్ఞానంలో పరిశ్రమలలో ఉద్దండులు చవుకగా మనకు దొరుకుతారన్న దృష్టితోనే ప్రతిపాదించానని ఆయన వివరించుకున్నారు. దయాళువు కూడా దయను దాచి లాభం లెక్క చూపవలసిన గడియ అది. గార్డెన్ రీచ్‌లోని పెద్ద రేవు 1929లో జార్జి రాజు పేర తెరచినది. ఇప్పుడు అది నేతాజీ సుభాస్ డాక్. ఆయన దేశభక్తిని శంకించే సాహసం ఎవరికీ లేదు. ఒక రేవుకు ఆ పేరు పెట్టిన నాడు ఈ జాబు ఎవరికైనా జ్ఞాపకం వచ్చిందా అన్నది ఈ విలేఖరి కొంటె సందేహం.

తలుపు తెరచిన ఘట్టమూ ఉన్నది. సోవియట్ శిబిరాల నుంచి విడుదలై ఇరాన్ మీదుగా వచ్చిన పోలండు అనాథ బాలలకు నవానగర్ మహారాజు దిగ్విజయసింహ్‌జీ 1942లో తన సంస్థానంలోని బాలాచడిలో శిబిరం కట్టించాడు. సుమారు వేయి మంది పిల్లలు అక్కడ పెరిగారు. కొల్హాపూర్ దగ్గర వలివడేలో 1943 నుంచి 1948 వరకు సుమారు అయిదు వేల పోలండువారు నివసించారు. వార్సాలో మహారాజు పేర ఒక కూడలి వెలసింది. 2024 ఆగస్టులో ప్రధాని నరేంద్ర మోదీ అక్కడికి వెళ్లి, నవానగర్, కొల్హాపూర్ స్మారకాల వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచారు. ఢిల్లీలో ఈ కథను గర్వంగా చెప్పుకుంటారు. గర్వించదగ్గదే. అయితే పోలండు మిత్రరాజ్యం. లండన్‌లోని దాని ప్రవాస ప్రభుత్వం వారి ఖర్చుకు బాధ్యత వహించింది. బో బాసాఁ జైలులోని వారికి అటువంటి ప్రభుత్వం లేదు.

అదే 1942లో మనవారికి జరిగినది దీని పక్కన పెట్టి చూడాలి. కాందిశీకుడు అన్న మాటకు మూలం "కాం దిశం", ఏ దిక్కుకు పోవడమా అన్న దిక్కుతోచని ప్రశ్న అంటారు పండితులు. ఆ సంస్కృత పదం తెలుగు పల్లెలలో అర్థం కావడానికి బర్మా ఎంతో కారణం. రంగూన్ రేవులలో, బియ్యపు మిల్లులలో తెలుగు కూలీలు వేలాదిగా పనిచేసేవారు. 1930 మే నెలలో అక్కడి రేవు అల్లర్లలో దెబ్బలు తిన్నది వారే. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. మార్చి 8న నగరం పడిపోయింది. లక్షలాది భారతీయులు కొండలూ అడవులూ దాటి మణిపూర్ వైపూ, అరకాన్ మీదుగా చిట్టగాంగ్ వైపూ నడిచారు. కలరాతో, ఆకలితో దారిలో రాలినవారికి లెక్క లేదు.

తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి కేటాయించారన్న ఆరోపణ దేశమంతటా మారుమ్రోగింది. ప్రభుత్వం కాదన్నది. 1942 ఏప్రిల్ చివర అలహాబాదులో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం ఈ వివక్షను గర్హిస్తూ తీర్మానించింది. మూడు నెలలకు క్విట్ ఇండియా వచ్చింది. సామ్రాజ్యం ఆపదలో ఎవరిని ముందు ఓడ ఎక్కిస్తుందో బర్మా దారులు చూపినంత స్పష్టంగా మరే ఉపన్యాసమూ చూపలేదు. ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు పడేసరికి, బర్మా నుంచి పారిపోయి వచ్చినవారిని చూసి జాలిపడిన ఊళ్లే మూటలు కట్టుకున్నాయి. కలకత్తాకు పారిపోయి వచ్చినవారిలో రంగూన్‌లోని బాగ్దాదీ యూదులూ ఉన్నారు. 1943 డిసెంబరు 5న పట్టపగలు ఈ కిదిర్‌పూర్ రేవుల మీద బాంబులు పడి మూడు వందలకు పైగా మరణించారు. అత్యధికులు రేవు కూలీలు.

ఢిల్లీలోని మాట ఒకటి చెప్పి ఈ లేఖ ముగించాలి. కాందిశీకుల గురించిన 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక మీద మనం సంతకం చేయలేదు. కాందిశీకుల శాసనమంటూ మనకు లేదు. 1939, 1946 నాటి విదేశీయుల చట్టాలతోనే కాలం గడిపాము. వాటి స్థానంలో పార్లమెంటు ఆమోదించిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. దేశం ధర్మశాల కాదని చర్చ సందర్భంగా హోం మంత్రి అమిత్ షా లోక్‌సభలో అన్నారు. మే నెలలో ఒక శ్రీలంక తమిళుని కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం నోట కూడా అదే మాట వెలువడింది. దలైలామాకు 1959లో ఆశ్రయమిచ్చిన దేశం మనది. ఆయన నివసించే పట్టణం పేరు ధర్మశాల.

కొత్త చట్టంలో విదేశీయునికి నిర్వచనం ఉన్నది, కాందిశీకునికి లేదు. ఎవరిని శిక్షల నుంచి మినహాయించాలో ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా నిర్ణయిస్తుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ల నుంచి 2024 చివరిలోగా వచ్చిన ముస్లిమేతర అల్పసంఖ్యాకులకు, టిబెట్టువారికి, 2015 జనవరి 9 నాటికి వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు ఆ మినహాయింపులు దొరికాయి. ఢిల్లీలో యమున ఒడ్డున కాళిందీ కుంజ్ సమీపాన గుడిసెలలో ఉన్న రోహింగ్యాలు ఏ జాబితాలోనూ లేరు. వారూ బర్మా నుంచి, అరకాన్ దారినే వచ్చారు.